యుద్ధం నచ్చని ఓటరు ఎటు వేస్తాడు?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా ఎన్నికల గురించే. అడిగిన తీరు వేరైనా అందరి అనుమానం ఒకటే కాబట్టి కలిపి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, వియత్నాం యుద్ధమంటే అమెరికా జనానికి రోత పుట్టిందని చదివాం. అలాంటప్పుడు 1968లో యుద్ధం వద్దన్నవాడు గెలవాలి కదా. కమ్యూనిస్టుల మీద ఒంటికాలి మీద లేచే నిక్సన్ ఎలా గెలిచాడు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, యుద్ధం నచ్చనివాళ్లంతా శాంతి కోరేవాళ్లే అనుకుని మీరు లెక్క వేశారు. నేను కూడా క్లాసులో ముందు ఈ లెక్కే చెప్పించి, తర్వాత న్యూ హాంప్‌షైర్ కథ ఎత్తుకునేవాణ్ణి.

అది చిన్న రాష్ట్రం. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలు అక్కడే మొదలయ్యేవి. 1968 మార్చి 12న అధ్యక్షుడు జాన్సన్ మీద ఆయన సొంత డెమొక్రటిక్ పార్టీ సెనేటర్ యూజీన్ మెకార్తీ పోటీకి దిగాడు. యుద్ధం ఆపాలన్నదే ఆయన నినాదం. కాలేజీ కుర్రాళ్లు జుట్టు కత్తిరించుకుని, గడ్డాలు గీయించుకుని మరీ ఇంటింటికీ తిరిగారు, పెద్దవాళ్లు మొహం మీద తలుపు వేస్తారేమోనని. మెకార్తీకి 42 శాతం వచ్చాయి. జాన్సన్ పేరు అసలు బ్యాలెట్ మీద లేదు. అభిమానులు ఆయన పేరు చేత్తో రాసి వేసిన ఓట్లే 49 శాతం. గెలిచింది జాన్సనే, కానీ ఓడినట్టే అందరూ లెక్కేశారు. అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధులు, అంటే డెలిగేట్లు చూస్తే 24 మందిలో 20 మంది మెకార్తీవైపు వెళ్లారు.

ఆ ఓటర్ల మనసులో ఏముందో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తర్వాత కూపీ లాగారు. మెకార్తీకి వేసినవాళ్లలో, సైన్యాన్ని వెనక్కి రప్పించమన్నవాళ్లకంటే, జాన్సన్ ఇంకా గట్టిగా కొట్టడం లేదేమని కోపమున్నవాళ్లే ఎక్కువట. దాదాపు మూడుకి రెండు నిష్పత్తిలో! శాంతి అభ్యర్థి పెట్టెలో శాంతి కోరినవాళ్ల ఓట్లకంటే యుద్ధం చాలడం లేదన్నవాళ్ల ఓట్లే ఎక్కువ. ఉస్మానియాలో ఉన్న రోజుల్లో, క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ లైబ్రరీలో ఈ సంగతి చదివి, తప్పు అచ్చేమోనని మళ్లీ వెనక్కి తిప్పి చూసుకున్నాను.

అంతకు ఆరు వారాల ముందే, జనవరి చివర్లో, వియత్నాం ఉగాది ‘టెట్’ పండగ రోజుల్లో దక్షిణ వియత్నాం అంతటా ఒక్కసారిగా కమ్యూనిస్టుల దాడులు జరిగాయి. సైగాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకే గెరిల్లాలు చొరబడ్డారు. యుద్ధరంగం లెక్కలో ఆ దాడి విఫలమైంది. కానీ గెలుపు దగ్గర పడిందని అప్పటిదాకా చెబుతూ వచ్చిన ప్రభుత్వం మాట టీవీల ముందే తేలిపోయింది. యుద్ధం కావాలన్నవాడికీ వద్దన్నవాడికీ ఇద్దరికీ జాన్సన్ మీద నమ్మకం పోయింది.

ఇక పార్టీ చీలడానికి ఎంతసేపు? మార్చి 16న మాజీ అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ్ముడు రాబర్ట్ కెనెడీ బరిలోకి దిగాడు. మార్చి 31న జాన్సన్ టీవీలో మాట్లాడుతూ, ప్రసంగం చివర్లో తాను పోటీ చేయనని చెప్పేశాడు. జూన్‌లో కాలిఫోర్నియా ప్రైమరీ గెలిచిన రాత్రే కెనెడీని కాల్చారు. ఆగస్టులో అభ్యర్థిని తేల్చే చికాగో పార్టీ మహాసభ (కన్వెన్షన్)లో, ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని ఉపాధ్యక్షుడు హంఫ్రీకి టికెట్ దక్కింది. బాంబులు వేయడం ఆపాలన్న తీర్మానం అక్కడ సుమారు 1,568 – 1,041 ఓట్ల తేడాతో వీగిపోయింది. హాలు బయట పోలీసుల లాఠీలు కుర్రాళ్ల మీద విరుగుతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. సొంత పార్టీలో పది మందిలో నలుగురు ఎదురు తిరిగిన అభ్యర్థి అంటే మన దగ్గరైతే రెబెల్స్ ఎంతమంది నామినేషన్ వేసేవారో ఊహించుకోండి.

సెప్టెంబర్ చివర్లో గాలప్ సర్వేలో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి నిక్సన్‌కు 43 శాతం, హంఫ్రీకి 28. మూడో అభ్యర్థి, అలబామా మాజీ గవర్నర్ జార్జ్ వాలెస్‌కు 21. నల్లవాళ్ల హక్కుల చట్టాల మీద కోపం, అల్లర్ల భయం ఆయన పెట్టుబడి. సెప్టెంబర్ 30న సాల్ట్ లేక్ సిటీలో హంఫ్రీ తొలిసారి జాన్సన్ గీత దాటి, బాంబులు ఆపుతానన్నాడు. అక్కణ్ణుంచి ఓట్లు తిరిగి రావడం మొదలైంది. చివరికి నిక్సన్‌కు 43.4 శాతం, హంఫ్రీకి 42.7. ఏడు కోట్ల పైచిలుకు ఓట్లలో తేడా సుమారు ఐదు లక్షలు. ఇంకో రెండు వారాలుంటే హంఫ్రీ గెలిచేవాడని కొందరంటారు. రెండు వారాలు కాదు, ఆ ప్రసంగం ఆగస్టులో ఇచ్చి ఉంటే చాలునని నా అభిప్రాయం. యజమానికి కోపం వస్తుందని ఆగాడు, పాపం.

ఒక్కటి మరవకండి. అధ్యక్ష పీఠం పోయినా అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్ ఉభయ సభలూ డెమొక్రాట్ల చేతిలోనే మిగిలాయి. కోపం జాన్సన్ కుర్చీ మీదే తప్ప పార్టీ మొత్తం మీద కాదన్నమాట.

ప్రశ్న: జాన్సన్ 1964లో 61 శాతం ఓట్లతో గెలిచాడు. నాలుగేళ్లకే తప్పుకోవడానికి రాజ్యాంగం అడ్డొచ్చిందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, గుంతకల్లు

జవాబు: లేదు బాబూ. 1963లో అధ్యక్షుడు జాన్ కెనెడీ హత్య తర్వాత, ఆయన మిగిల్చిన పదవీకాలంలో జాన్సన్ చేసింది పద్నాలుగు నెలలు. అది రెండేళ్లకు లోపే కాబట్టి, అధ్యక్షుడు రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదనే 22వ సవరణ ప్రకారం మళ్లీ పోటీ చేయొచ్చు. అడ్డొచ్చింది యుద్ధం, దానికి తోడు ఆరోగ్యం.

ఇక్కడే అధ్యక్ష పద్ధతి చిక్కు చూడు. 1956లో సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద బ్రిటన్ చేసిన దాడి బెడిసికొడితే, 1957 జనవరికల్లా ప్రధాని ఈడెన్ దిగిపోయాడు. మాక్మిలన్ వచ్చాడు, 1959లో అదే పార్టీని మరింత మెజారిటీతో గెలిపించాడు. మన దగ్గర సీల్డ్ కవర్ వచ్చేది, ముఖ్యమంత్రి మారేవాడు. (1978 – 83 మధ్య నలుగురిని మార్చినా కాంగ్రెస్ ఎన్టీఆర్ చేతిలో ఓడింది, అది వేరే కథ.) అమెరికా పార్టీకి ఆ వెసులుబాటు లేదు. అధ్యక్షుడు కూర్చున్నంతకాలం ఆయన యుద్ధం పార్టీ యుద్ధమే. అసమ్మతి బయటపడాలంటే ప్రైమరీల్లోనే, అదీ అందరూ చూస్తుండగా.

ప్రశ్న: యుద్ధం ముగించడానికి నిక్సన్ దగ్గర రహస్య ప్రణాళిక ఉందని చెప్పాడట. నిజమేనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ‘రహస్య ప్రణాళిక’ అన్న మాట నిక్సన్ అనలేదు, విలేకరి పెట్టిన పేరది. ఆయన కాదని గట్టిగా ఖండించనూ లేదు. ముగిస్తానన్నాడు, ఎలాగో చెప్పలేదు. కొట్టమన్నవాడు కొడతాడనుకున్నాడు, ఆపమన్నవాడు ఆపుతాడనుకున్నాడు. ఇద్దరూ ఓటేశారు.

ఈ విద్యకు గురువు 1952 రిపబ్లికన్ అభ్యర్థి ఐసెన్‌హోవర్. కొరియా యుద్ధంతో అప్పటి డెమొక్రటిక్ అధ్యక్షుడు ట్రూమన్ పలుకుబడి 22 శాతానికి పడిపోయి, ఆయనా 1952 మార్చిలో న్యూ హాంప్‌షైర్‌లో ఓడి తప్పుకున్నాడు. అక్టోబర్‌లో డెట్రాయిట్ సభలో ఐసెన్‌హోవర్ తాను కొరియా వెళ్తానని ప్రకటించాడు. వెళ్లి ఏం చేస్తాడో చెప్పలేదు. మాజీ సేనాధిపతి నోట ఆ మాట చాలింది. ఇరవై ఏళ్ల డెమొక్రాట్ల పాలన ముగిసింది.

ఉన్నదున్నట్టు చెప్పినవాడి గతి చూడాలంటే 1972కు రండి. డెమొక్రటిక్ అభ్యర్థి మెక్‌గవర్న్ వియత్నాం నుంచి వచ్చేస్తామని సూటిగా చెప్పాడు. 49 రాష్ట్రాలు పోయాయి, అందులో ఆయన సొంత సౌత్ డకోటా కూడా. అప్పటికి నిక్సన్ సైన్యంలో చాలామందిని వెనక్కి తెచ్చేశాడు, నిర్బంధ సైనిక సేవ భయమూ తగ్గింది. ఇంట్లో కొడుకు క్షేమంగా ఉంటే దూరపు యుద్ధం మీద కోపం చల్లారుతుంది.

1968 చివరి రోజుల చీకటి కోణం కూడా ఉంది. పారిస్ శాంతి చర్చలకు రావద్దని దక్షిణ వియత్నాంకు ఆనా షెనో అనే మహిళ ద్వారా నిక్సన్ మనుషులు కబురు పంపారు. ఆమెను ఆ పనిలోనే ఉంచమని నిక్సన్ చెప్పినట్టు సహాయకుడు హాల్డెమన్ రాసుకున్న నోట్సులో ఉంది. జాన్సన్‌కు నిఘా ద్వారా విషయం తెలిసింది, బయటపెట్టలేదు. ఆ కబురు లేకపోయినా సైగాన్ మొరాయించేదేమో. పంపడం మాత్రం సిగ్గుమాలిన పనే.

ప్రశ్న: అంకుల్, నేను ఎడిసన్‌లో ఉంటాను. ఇరాక్ యుద్ధం తప్పని తేలాక కూడా 2004లో బుష్ గెలిచాడుగా. మీ లెక్క ఇక్కడ పనిచేయదు!
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పనిచేసిందమ్మా, రెండేళ్లు ఆలస్యంగా. 2004 నవంబర్‌కి యుద్ధం వయసు ఇరవై నెలలు. జనం ఇంకా రెండుగా ఉన్నారు. ఎదురుగా నిలిచిన కెర్రీ 2002 అక్టోబర్‌లో యుద్ధానికి ఓటేసినవాడే. పైగా యుద్ధానికి 8,700 కోట్ల డాలర్ల బిల్లు గురించి, దానికి వ్యతిరేకంగా ఓటేసే ముందు అనుకూలంగా వేశానని తనే అన్నాడు. రిపబ్లికన్లు ఆ వాక్యాన్ని ప్రకటనల్లో ఆడించి ఆడించి అరగదీశారు.

2006లో, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో కాంగ్రెస్‌కు జరిగే ఎన్నికల్లో బుష్ పేరు బ్యాలెట్ మీద లేదు, బిల్లు మాత్రం పార్టీ కట్టింది. పన్నెండేళ్లుగా చేతిలో ఉన్న ప్రతినిధుల సభ పోయింది, సెనేట్ కూడా పోయింది. మర్నాడే రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ నిష్క్రమణ ప్రకటన.

2008లో ఇరాక్ అసలు పని ప్రైమరీల్లో చేసింది. హిల్లరీ క్లింటన్ యుద్ధానికి ఓటేసింది. ఒబామా అప్పటికి ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్ మాత్రమే, ఓటు వేసే అవసరమే రాలేదు. 2002 అక్టోబర్ 2న చికాగో సభలో వ్యతిరేకంగా మాట్లాడాడు, ఆ ప్రసంగమే పెట్టుబడైంది. నవంబర్ వచ్చేసరికి లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి, ఓటు వేసి వస్తున్నవాళ్లలో 63 శాతం ఆర్థిక వ్యవస్థే ముఖ్యమన్నారు. ఇరాక్ అన్నవాళ్లు 10 శాతం.

ప్రశ్న: వాళ్ల యుద్ధం గొడవ మనకెందుకు మాస్టారూ? మన రాజకీయాలు రాయండి.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: రాస్తాను. ఈలోగా ఒక్కటి వినండి. 1965, 66ల్లో వానలు కొట్టేసి మనం అమెరికా గోధుమల మీద ఆధారపడ్డప్పుడు, జాన్సన్ వాటిని కొద్దికొద్దిగా మాత్రమే వదిలేవాడు. వ్యవసాయ విధానం మార్చమన్నది ఒక కారణం. వియత్నాం మీద బాంబులు ఆపమని ఇందిరాగాంధీ అనడం ఆయనకు మంట పుట్టించింది. పోప్, ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి కూడా అదే అంటున్నారుగా అని ఢిల్లీలోని అమెరికా రాయబారి బౌల్స్ సర్దిచెప్పబోతే, వాళ్లు మన గోధుమలు అడగడం లేదుగా అని వాషింగ్టన్ నుంచి జవాబొచ్చిందట.

అదే జాన్సన్ 1965 అక్టోబర్‌లో సంతకం చేసిన వలస చట్టం వల్లే మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన వయసు కుర్రాడు వియత్నాం డ్రాఫ్టుకు (నిర్బంధ సైనిక సేవకు) కూడా పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చేది. మీ వీధిలో ఆ రోజుల్లో వెళ్లిన పెద్దాయన ఎవరైనా ఉంటే అడగండి.