పీఎంపీ కోచింగ్ కోసం సైట్ ఉద్యోగం మానేయాలా?

రాయగడ నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్ళబ్బాయి సివిల్ బీటెక్, కొరాపుట్ వైపు హైవే పనిలో రెండేళ్ళుగా సైట్ ఇంజనీరు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఆర్నెల్లు హైదరాబాద్‌లో ఉండి పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అనే సర్టిఫికెట్ పరీక్ష) రాసి ప్రాజెక్ట్ మేనేజర్ అయిపోతానంటున్నాడంట, పంపమంటారా అని అడిగారు.

అమ్మా, మాన్పించకండి. పీఎంపీ ఇచ్చే పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ళు, డిగ్రీ ఉన్నవాళ్ళకైనా ప్రాజెక్టులు ముందుండి నడిపిన అనుభవం 36 నెలలు అడుగుతారు, దాంతోపాటు 35 గంటల క్లాసులు. బాబుకి 24 నెలలే అయ్యాయి, అందులో కూడా మొదటి ఏడాది ఎవరికైనా పైవాళ్ళు చెప్పింది చెయ్యడమే కదా, నడిపినట్టు చూపించుకునేది తక్కువే ఉంటుంది. ఇప్పుడు మానేస్తే కోచింగ్ అయితే అవుతుంది గానీ పరీక్షకి అప్లై చెయ్యడానికే ఉండదు. ఆ 35 గంటలు ఆదివారాలు ఆన్‌లైన్‌లో అయిపోతాయి, దానికోసం ఆర్నెల్లు హాస్టల్ ఖర్చు ఎందుకమ్మా.

సైట్ ఇంజనీర్ అనే పేరు అడ్డమేమీ కాదు. ఒక కల్వర్టు మార్కింగ్ నుంచి హ్యాండోవర్ దాకా తనే ప్లాన్ చేసి, మనుషుల్ని పెట్టి, ఖర్చు చూసుకుని చేయిస్తే అది ప్రాజెక్టు నడిపినట్టే, అందుకే పై సార్‌ని అడిగి ఒక చిన్న స్ట్రక్చర్ పూర్తిగా తన బాధ్యత మీద తీసుకోమనండి. అన్నిటికంటే ముందు సర్టిఫికెట్టే చేతిలో ఉండాలి అనుకుంటే అదే పీఎంఐ వాళ్ళది, కొత్తవాళ్ళ కోసం సీఏపీఎం అని ఉంది, దానికి అనుభవం అక్కర్లేదు, 23 గంటల క్లాసులు చాలు. కానీ రోడ్డు పనుల్లో ఉండేవాడికి దానికంటే ప్రైమవెరా అనే షెడ్యూల్ వేసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటేనే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఇంక బాబుకే నేరుగా చెప్తాను. నాన్నా, నేనూ సైట్ మీద చేసినవాణ్ణే. ఒకసారి క్లయింట్ వైపు ఇంజనీరు వచ్చి ఈ డ్రెయిన్ ఇటు జరపండి అన్నారు, సరే సార్ అని జరిపేశాం, కాగితం ఏమీ తీసుకోలేదు, బిల్లు దగ్గరికొచ్చేసరికి ఆయన ట్రాన్స్‌ఫర్ అయిపోయారు, కొత్తాయన డ్రాయింగ్‌లో లేని పనికి డబ్బులివ్వనన్నారు, ఆ నష్టం మొత్తం మా మీదే పడింది. అప్పట్నుంచి ఎవరు నోటితో ఏ మార్పు చెప్పినా ఆ సాయంత్రమే "మీరు ఈరోజు ఇలా చెప్పారు, దీనివల్ల ఇన్ని రోజులు, ఇంత ఖర్చు పెరుగుతుంది" అని మెయిల్ పెట్టేవాణ్ణి. హిండ్రెన్స్ రిజిస్టర్, అంటే పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకం కూడా అంతే. భూమి అప్పగించలేదు, కరెంటు స్తంభం తియ్యలేదు, ఇలాంటివి ఆరోజు తారీఖుతోనే ఎక్కాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే టైమ్ ఎక్స్‌టెన్షన్ అడిగేటప్పుడు అది నిలబడదు.

షెడ్యూల్ వేసేటప్పుడు మన ప్రాంతాన్ని చూసి వెయ్యి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొండల్లో మట్టిపని ఎంత సాగుతుందో నీకు తెలుసు, పూస్ పరబ్ (పుష్యమాసం పండగ)కి కూలీలు ఊళ్ళకి పోతే ఎన్ని రోజులకి తిరిగొస్తారో కూడా తెలుసు. బయటినుంచి వచ్చిన ప్లానింగ్ ఇంజనీరు ఇవేవీ చూడకుండా గీత గీసేస్తే, మీటింగ్‌లో మర్యాదగా చెప్పు, వచ్చే రెండు మూడు వారాల పని నువ్వే వేసి చూపించు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో దేశియా, సైట్‌లో హిందీ, ఇన్ని భాషలు నీకు ఊరికే వచ్చాయి. మేస్త్రీకి, ఆపరేటర్‌కి, ఊరి పెద్దలకి, కన్సల్టెంట్‌కి ఒకే సంగతి ఎవరి భాషలో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు సైట్‌కి చాలా విలువైన మనిషి, ప్రాజెక్ట్ మేనేజర్ రోజులో సగం పైగా చేసేది ఈ పనే.

పీఎంపీ వచ్చాక కూడా నేర్చుకోవడం ఆగదు, మూడేళ్ళకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్నదానికి లెక్కేసే యూనిట్లు) చూపించి రెన్యూవల్ చేసుకోవాలి. లెక్కలోకొచ్చే 36 నెలలు నిండాక అప్లై చేద్దువుగాని, ఈలోగా ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏ పని, అందులో నువ్వు తీసుకున్న నిర్ణయాలేంటి, పైన ఎవరున్నారు, వాళ్ళ ఫోన్ నంబరు ఏంటి, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కొన్ని అప్లికేషన్లు ఆడిట్‌కి తీసి పై అధికారులతో ధ్రువీకరణ అడుగుతారు, కంపెనీ మారిపోయిన సార్‌ని అప్పుడు వెతకడం చాలా కష్టం.

అమ్మా, గడిచిన రెండేళ్ళది బాబు రాసుకుని ఉండకపోతే కంగారేం లేదు, రోజూ వాట్సాప్ గ్రూపులో పెట్టిన డీపీఆర్‌లు (ఏ రోజు ఎంత పని అయిందో రాసిన రిపోర్టులు) ఉంటాయి, ఫోన్ మార్చకముందే అవన్నీ దించుకుని ఈ ఆదివారం నెలలవారీగా సర్దుకోమనండి.