కార్డు తీసుకో చెల్లె, మిత్తి లెక్క తెలుసుకున్నంకనే

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు బస్సుల పోయి డిగ్రీ రెండో ఏడు చదువుతున్ననని, కాలేజీ దగ్గర టేబుల్ వేసుకున్నోళ్లు 'జీవితకాలం ఫ్రీ' క్రెడిట్ కార్డు ఇస్తమంటున్నరని, నాయిన వద్దంటున్నడని రాసినవు. ఇప్పటినుంచే క్రెడిట్ స్కోరు పెంచుకుంటే రేపు పీజీకి చదువు లోను సులువైతదా అని కూడ అడిగినవు. నాది దేవరకొండ దిక్కు ఊరు. నల్లగొండల మహాత్మా గాంధీ యూనివర్సిటీల పీజీ చేస్తున్నప్పుడు కార్డు తీసుకున్న, తప్పు చేసిన, దిద్దుకున్న. అందుకే వివరంగ రాస్తున్న.

మీ నాయిన భయం సరైందే. మన ఊర్లల్ల అప్పు అంటే నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. రెండు రూపాయల మిత్తి మామూలు. మూడంటే ఆలోచిస్తరు. ఐదంటే ఆ గడప తొక్కరు. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు మూడున్నర శాతం దాక వేస్తయి, అంటే మూడున్నర రూపాయల మిత్తి. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. మా ఊర్ల పత్తి విత్తనాలకు, మందు బస్తాలకు అడ్తి దుకాణంల తెచ్చే అప్పు కంటే ఇది ఎక్కువ. అదే కార్డు బిల్లు మొత్తం గడువు లోపల కడితే పైసా మిత్తి లేదు. కొన్న రోజును బట్టి 20 నుంచి 50 రోజుల దాక ఉత్త ఉద్దెర.

నా సంగతి చెప్త. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 25,000 ఎఫ్‌డీ చేసి, దాని మీద 20,000 లిమిటుతోని కార్డు తీసుకున్న. సంపాదన లేని స్టూడెంట్‌కు ఇదే సరైన దారి. టేబుల్ దగ్గరోళ్లు ఫారంల ఉద్యోగం ఉందని రాయమంటే రాయకు, ఓటీపీ చెప్పకు. అడగకుండ కార్డు పంపుడు ఆర్బీఐ నిబంధనలకే విరుద్ధం.

మూడో నెలల ఫోన్ పాడైతే 18,000 పెట్టి కొత్తది కొన్న. బిల్లు తెర మీద రెండు అంకెలు కనబడ్డయి. మొత్తం బాకీ 18,000, కనీసం కట్టాల్సింది 900. హాస్టల్ల మంచం మీద కూసొని 900 కట్టేసిన, గడువుల కట్టిన కదా అని నిమ్మలంగున్న. తర్వాతి బిల్లుల మిత్తి, జీఎస్టీ కలిపి 1,200 దాక పడ్డది. 900 కట్టినంక కూడ బాకీ 18,300 అయి కూసున్నది. మిత్తిని బిల్లు తేదీ నుంచి కాదు, ఫోన్ కొన్న రోజు నుంచి లెక్కగట్టిన్రు. బాకీ ఉన్నన్ని రోజులు కొత్తగ ఏది కొన్నా, 50 రూపాయల జిరాక్స్ అయినా సరే, గీకిన రోజు నుంచే మిత్తి నడుస్తది. కనీస మొత్తం కడితే లేటు ఫీజు తప్పుతది, క్రెడిట్ రిపోర్టుల ఎగవేత పడదు, అంతవరకే.

ఏడ్చుకుంట నాయినకు ఫోన్ చేసిన. తిట్టలే. తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి తెచ్చి పంపిండు. "నాలుగు రూపాయలది ముందుగాల తెంపెయ్ బిడ్డా, ఇది మెల్లగ కడుదువు" అన్నడు. పది నెలలు ట్యూషన్ పైసలతోని తీర్చిన.

స్కోరు అంటే ఏందో మా అమ్మకు ఒక్క మాటల అర్థమైంది. మహిళా సంఘంల కిస్తులు తప్పకుండ కట్టిన గ్రూపుకు బ్యాంకు మళ్లసారి పెద్ద లోను ఇస్తది కదా. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు అట్లనే మనిషి మనిషికి పుస్తకం రాస్తయి, దాన్నే రిపోర్టు అంటరు. స్కోరంటే 300 నుంచి 900 మధ్యల అంకె. 750 దాటితే బ్యాంకులు మంచిగ చూస్తయి. అసలు అప్పే తీసుకోనోళ్లకు అంకె ఉండదు. నాకు కార్డు వచ్చిన ఏడో నెలల మొదటిసారి కనబడ్డది, అది కూడ అనుకున్నంత లేదు. 20,000 లిమిటుల 18,000 వాడుడు కూడ ఒక దెబ్బే. 30 శాతం లోపల ఉంచుకోవాలె, అంటే 6,000.

ఇప్పుడు నా కార్డు మీద రీచార్జి, కరెంటు బిల్లు, పుస్తకాలు, అంతే. బిల్లు మొత్తానికి ఆటో పే పెట్టిన. ట్యూషన్ ఫీజులు 5వ తారీఖుకు చేతికొస్తయి, గడువు 12 దాటి పడేటట్టు బిల్లింగ్ తేదీ మార్పించుకున్న. కనీసం ఒకసారి మార్చుకునే హక్కు ఆర్బీఐ ఇచ్చింది, చాలామందికి తెల్వది. రూపే కార్డును యూపీఐకి జత చేసుకోవచ్చు గానీ నేను చేసుకోలే. కిరాణా కొట్ల స్కాన్ చేస్తుంటే ఎంత అయితున్నదో తెల్వది. ఏటీఎంల కార్డుతోని నగదు మాత్రం తియ్యకు, ఫీజు వేరే, మిత్తి ఆ రోజు నుంచే. దోస్తులకు ఇయ్యకు. ఒకే నెల నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టకు. ఫోన్ల ఉండే 'పే లేటర్' (ముందు కొని తర్వాత కట్టుడు) కూడ అప్పే.

ఇంకొకటి గట్టిగ చెప్తున్న. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తది కదా అని కాలేజీ ఫీజు కార్డు మీద గీకకు. ఆ పైసలు ఎన్ని నెలలకు విడుదలైతయో మనం చూస్తనే ఉన్నం. కార్డు గడువు మనకోసం ఆగదు.

చదువు లోనుకు బ్యాంకు నీ ఒక్కదాని స్కోరే చూడదు. మీ నాయిన కూడ సంతకం పెట్టాలె, ఆయన రిపోర్టు కూడ తీస్తరు. మా తమ్ముని బీటెక్ లోనుకు పోతే, మాఫీ వస్తదని రెన్యువల్ చేయించకుండ వదిలేసిన పంట లోను నాయిన పేరు మీద బాకీగ బయటపడ్డది. అది కట్టి, రిపోర్టుల ఎక్కేదాక తిరిగేసరికి ఒక సెమిస్టర్ ఫీజుకు అప్పు తేవాల్సొచ్చింది. స్కోరు రాసే ఆ నాలుగింట్ల ఒక్కో సంస్థ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగ ఇయ్యాలె. నీది, మీ నాయినది రెండూ ఇప్పుడే తియ్యి. ఆయన ఫోన్‌కే ఓటీపీ వస్తది కాబట్టి పక్కన కూసోబెట్టుకొని చూడు. తప్పు కనబడితే అభ్యంతరం పెట్టు. 30 రోజులల్ల పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇయ్యాలని నిబంధన ఉంది.

రిపోర్టుల ఏదన్న సమజ్ కాకపోతే ఇక్కడనే రాయి. పేర్లు, నంబర్లు తీసేసి ఆ వరస మాత్రం పెట్టు, చూసి చెప్త.