తొలి మిడ్‌టర్మ్‌లో 46 మార్కులు: ఫిజిక్స్ కోర్సు వదులుకోవాలా?

ప్రశ్న: నేను యూనివర్సిటీలో మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. ఫిజిక్స్ తొలి మిడ్‌టర్మ్‌లో నూటికి 46 వచ్చాయి. హోంవర్కులో మాత్రం 90 శాతానికి తగ్గడం లేదు, ల్యాబ్ కూడా బాగానే సాగుతోంది. ఇంతవరకు ఏడాది చివర ఒకే పరీక్ష రాసే పద్ధతికి అలవాటు పడినందువల్ల ఇక్కడ మార్కులు ఎలా లెక్కగడతారో అంతుపట్టడం లేదు. కోర్సు వదులుకోవడం మంచిదా?

జవాబు: నిర్ణయం తీసుకునే ముందు మొదటి వారంలో మీకిచ్చిన సిలబస్ పత్రాన్ని బయటికి తీయండి. చాలామంది దాన్ని పాఠాల జాబితాగానే చూసి పక్కన పెట్టేస్తారు గానీ, ఏ పనికి ఎంత వెయిటేజీ ఉందో, గ్రేడు ఎలా తేలుస్తారో అందులోనే ఉంటుంది. ఉదాహరణకు హోంవర్కుకు 15, ల్యాబ్‌కు 20, క్విజ్‌లకు 5, రెండు మిడ్‌టర్మ్‌లకు పదిహేనేసి, చివరి పరీక్షకు 30 మార్కులు కేటాయించారనుకుందాం. అప్పుడు మీ 46 శాతం విలువ 15కు 6.9. అంటే మొత్తం కోర్సులో మీరు కోల్పోయింది 8.1 మార్కులే. హోంవర్కులో 90, ల్యాబ్‌లో 85, క్విజ్‌లలో 80 శాతం నిలుపుకొని, మిగిలిన రెండు పరీక్షల్లోనూ 70 శాతం తెచ్చుకుంటే మొత్తం 72.9 అవుతుంది. మీ పత్రంలోని అంకెలు వేరుగా ఉండవచ్చు కనుక ఈ లెక్కను వాటితో మళ్లీ వేసి చూడండి.

ఆ మొత్తాన్ని గ్రేడుగా మార్చే పద్ధతి కూడా ఒకటే ఉండదు. కొందరు అధ్యాపకులు ముందే ప్రకటించిన హద్దుల ప్రకారం గ్రేడు ఇస్తారు, మరికొందరు తరగతి మొత్తం ఎలా రాసిందో చూసి హద్దులు నిర్ణయిస్తారు. రెండో పద్ధతిలోనైతే 46 తరగతి సగటు కంటే ఎక్కువ కూడా కావచ్చు, అందుకే సగటు ఎంతో అడిగి తెలుసుకోండి. ల్యాబ్‌లో విడిగా ఉత్తీర్ణులైతే తప్ప కోర్సు పూర్తయినట్లు లెక్కించబోమనే నిబంధన ఉందేమో కూడా చూసుకోండి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ 46 కాదు, దానికీ హోంవర్కులోని 90కీ మధ్య ఉన్న దూరం. ఆన్‌లైన్ హోంవర్కులో తప్పు జవాబు ఇచ్చినా మళ్లీ ప్రయత్నించే వీలు సాధారణంగా ఉంటుంది, పుస్తకం పక్కనే ఉంటుంది, స్నేహితులూ అందుబాటులో ఉంటారు. పరీక్షలో ఇవేవీ ఉండవు, పైగా అక్కడ దిద్దేది జవాబును కాదు, దాని దగ్గరికి మీరు వెళ్లిన దారిని. ఘర్షణ లేని 30 డిగ్రీల వాలుతలం మీద జారే దిమ్మె త్వరణం ఎంత అన్న పది మార్కుల ప్రశ్ననే తీసుకోండి. దిమ్మె మీద పనిచేసే బలాల పటానికి మూడు, అక్షాలు ఎంచుకొని బరువును అంశాలుగా విడదీసినందుకు మూడు, న్యూటన్ రెండో నియమాన్ని సరిగా రాసినందుకు రెండు, గణనకూ ప్రమాణాలకూ రెండు ఉన్నాయనుకోండి. పటం గీసి, నియమం రాసి, సైన్‌కు బదులు కొసైన్ వేసిన విద్యార్థి జవాబు తప్పినా సగానికి పైగా మార్కులు పొందుతాడు. దారేమీ చూపకుండా ‘4.9 మీ./సె²’ అని మాత్రమే రాసిన విద్యార్థికి, జవాబు సరైనదే అయినా, పూర్తి మార్కులు దక్కడం కష్టం. కొసైన్ పొరపాటును పట్టుకోవడానికి కాలిక్యులేటర్ కూడా అవసరం లేదు: కోణం సున్నా అనుకుంటే తలం చదునుగా ఉంటుంది, దిమ్మె కదలకూడదు, కానీ కొసైన్ వేస్తే త్వరణం పూర్తి గురుత్వ త్వరణమంత వస్తుంది. ఇలా సరిచూసుకోవడం అలవాటైతే పరీక్షలో ఎంతో ధైర్యంగా ఉంటుంది.

కాబట్టి ఈ వారం నుంచి ప్రతి హోంవర్కు లెక్కనూ మొదట పుస్తకం మూసి, గడియారం పెట్టుకొని, తెల్లకాగితం మీద పటంతో సహా చేయండి, ఆ తరువాతే కంప్యూటర్‌లో జవాబు నమోదు చేయండి. దిద్ది ఇచ్చిన మిడ్‌టర్మ్ పత్రాన్ని తీసుకొని ట్యుటోరియల్ బోధకుల దగ్గరికి వెళ్లి, ఏ మెట్టులో మార్కులు పోయాయో అడగండి. మార్కులు పెంచమని కాకుండా తప్పు చూపించమని అడిగే విద్యార్థికి వారు సంతోషంగా సమయమిస్తారు. బలాలు, న్యూటన్ నియమాలు ఇప్పుడే గట్టిపడాలి, ఎందుకంటే శక్తి, ద్రవ్యవేగం, భ్రమణం అన్నీ వాటి మీదే నిలబడతాయి, చివరి పరీక్ష కూడా తరచుగా మొత్తం సెమిస్టర్ పాఠాల మీద ఉంటుంది.

ల్యాబ్‌ను ఇలాగే కొనసాగించండి. అక్కడ కొలతతో పాటు, ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలగడానికీ మార్కులుంటాయి. మీటరు పొడవున్న లోలకం ఒక డోలనానికి దాదాపు 2 సెకన్లు తీసుకుంటుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే ఒకే డోలనాన్ని కొలిచినప్పుడు దోషం 10 శాతం, 20 డోలనాలను కలిపి కొలిస్తే అది అర శాతానికి దిగుతుంది. నివేదికలో ఈ వివరణ తప్పక రాయండి.

పుస్తకం మూసి చేసిన లెక్కల్లో రెండు వారాల తరువాత కూడా బలాల పటం దగ్గరే ఆగిపోతున్నా, కోర్సుకు అవసరమైన కలనగణితం మీకింకా రాకపోయినా, అప్పుడు ముందు గణితం పూర్తిచేసి ఈ కోర్సును తరువాతి సెమిస్టర్‌లో తీసుకోవడం సరైన నిర్ణయమే, అందులో చిన్నతనమేమీ లేదు. కోర్సు నుంచి తప్పుకోవడానికి చివరి తేదీ అకడమిక్ క్యాలెండర్‌లో ఉంటుంది. ఈ రెండు వారాలు ఆ తేదీకి ముందే ముగిసేలా ఇవాళే మొదలుపెట్టండి.