మిషన్ ఆపాకే చెయ్యి పెట్టు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, కడియపులంకలో నర్సరీ పని మానేసి హైదరాబాద్ వచ్చేసావంట కదా, తెల్లాపూర్ వైపు ఏదో గేటెడ్ కమ్యూనిటీలో గార్డెన్ మెయింటెనెన్స్‌లో చేరుతున్నావంట, సోమవారం నుంచే డ్యూటీ అంట. ముందే నాకో మాట చెప్పుంటే బాగుండేది, సర్లే. మొక్కల గురించి నీకు నేను చెప్పేదేం లేదు, పుట్టి పెరిగిందే ఆ కవర్ల మధ్య. కానీ అక్కడంతా చేతి పని, ఇక్కడ చేతిలో మిషన్ ఉంటది, చుట్టూ పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు, కుక్కల్ని తిప్పేవాళ్లు ఉంటారు, పైన బాల్కనీలోంచి ఇంకా అవ్వలేదా అని చూసేవాళ్లుంటారు. నేను 22 ఏళ్లు ఇదే పనిలో ఉన్నాను కాబట్టి టైప్ చేస్తన్నా, పెద్ద మెసేజ్ అని వదిలెయ్యకు.

నా ఎడం కన్ను సంగతి చెప్తా. పుట్టుకతోనే అలా అని మీ అమ్మ పిల్లలందరికీ చెప్తుంటది, కాదురా. 2009లో ఒక విల్లాల సైట్‌లో బ్రష్ కట్టర్, అదే దారం గిర్రున తిరిగి గడ్డి కోసే మిషన్, పట్టుకున్నా, కళ్లజోడు ఇవ్వండి సార్ అంటే సూపర్‌వైజర్ వచ్చే వారం తెప్పిస్తా అన్నాడు. నైలాన్ దారం గడ్డిలో ఉన్న కంకర ముక్కని కొట్టింది, అది వచ్చి కంట్లో దిగింది, అంతే, రెండు ఆపరేషన్లు అయ్యాక ఇప్పుడు ఆ కంటికి వెలుగు నీడ మాత్రమే తెలుస్తాయి. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

అందుకే బ్రష్ కట్టర్ గురించి ఎక్కువ చెప్తా. స్టార్ట్ చేసే ముందు ఆ లాన్ అంతా ఒక రౌండ్ నడిచి రాళ్లు, బైండింగ్ వైరు ముక్కలు, విరిగిన డ్రిప్ పైపులు, సీసా మూతలు ఏరెయ్యి, పది నిమిషాలు పడతది, పట్టనీ. మొహానికి షీల్డ్ పెట్టుకో, దాని కింద గాగుల్స్ కూడా, ఎందుకంటే జాలీ షీల్డ్ అయితే సన్న ముక్కలు దాట్లోంచి దూరిపోతాయి. దారం పొడుగ్గా పెడితే పని తొందరగా అవుద్దని మనోళ్లు కింద గార్డ్ ఊడదీసేస్తారు, ఎవరు చెప్పినా నువ్వు తియ్యకు, అది ఉన్నదే రాయి నీ మీదకి రాకుండా. నీకు 15 మీటర్ల లోపు మనిషి గానీ పిల్లోడు గానీ కుక్క గానీ వస్తే ఇంజన్ తగ్గించి ఆగిపో, వాళ్లు వెళ్లాకే మొదలెట్టు. ఇనుప బ్లేడ్ వేసినప్పుడు గోడకో రాయికో తగిలితే మిషన్ ఒక్కసారిగా పక్కకి గుంజుద్ది, కాలి మీదకి కూడా వస్తది, కాబట్టి గోడ పక్కన, మొక్కల పాదుల దగ్గర దారమే వాడు, అదీ నెమ్మదిగా.

ఇంక గడ్డి చుట్టుకుని తిరగడం ఆగిపోద్ది చూడు, అక్కడే చేతులు పోయేది. ఇంజన్ నడుస్తుండగానే వేలు పెట్టి లాగేస్తారు. మా సైట్‌లో ఒకతను హెడ్జ్ ట్రిమ్మర్‌లో ఇరుక్కున్న కొమ్మని అలాగే లాగి రెండు వేళ్ల చివర్లు పోగొట్టుకున్నాడు, పాపం మంచి పనోడు, తర్వాత వాచ్‌మెన్ పనికి మారాడు. పూర్తిగా ఆపు, తిరగడం ఆగిందో లేదో చూడు, అప్పుడు చెయ్యి పెట్టు. కరెంటు మిషన్ అయితే ప్లగ్ పీకి పెట్టు. పెట్రోల్ పోసేటప్పుడు కూడా అంతే, సైలెన్సర్ కాలిపోతుంటది, చల్లారనీ, బీడీ కాల్చేవాడిని దూరంగా పొమ్మను. గంటల తరబడి పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మీ టీమ్‌లో ఇద్దరుంటే అరగంటకోసారి మార్చుకోండి, చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోండి, నాకిప్పుడు టీవీ సౌండ్ ఎంత పెట్టినా మీ అత్త తిడుతుంది గానీ నాకు సరిపోవట్లేదు.

కరెంటు లాన్ మూవర్ తడి గడ్డి మీద వద్దు. వైరుకి టేప్ చుట్టిన జాయింట్లు ఉంటే ఆ వైరు ముట్టుకోకు, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్, ఉన్న బోర్డు నుంచే లైన్ తీసుకోమను, ఎలక్ట్రీషియన్‌ని అడిగితే చెప్తాడు. గుంత తవ్వేటప్పుడు కూడా ఆయన్నే అడుగు, లాన్ లైట్ల వైర్లు ఎక్కడెక్కడ పోయాయో పైకి కనపడదు, గడ్డపార దిగాకే తెలుస్తది.

మీ కమ్యూనిటీలో చెట్లకి బోరు నీళ్లు కాదు, ఎస్టీపీ నీళ్లు పెడతారు చాలామటుకు. చూడ్డానికి తేటగానే ఉంటాయి, కానీ అది మురుగు శుద్ధి చేసిన నీళ్లు, చేతికి గాయముంటే గ్లౌజు లేకుండా పైపు పట్టుకోకు, ఆ చేతుల్తో అన్నం తినకు. ఆ ట్యాంకులో గానీ సంపులో గానీ ఏదన్నా పడిపోయిందనుకో, ఎంత విలువైందైనా నువ్వు దిగొద్దు. లోపల గ్యాస్ ఉంటది, వాసన రాకపోయినా ఆక్సిజన్ ఉండకపోవచ్చు, ఒకడు పడిపోతే కాపాడ్డానికి ఇంకోడు దిగి ఇద్దరూ పోవడం ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం.

పురుగు మందు కొట్టే పని నర్సరీలో నీకు అలవాటే, కానీ అలవాటే ఎక్కువ ముంచేది. డబ్బా మీద డైమండ్ గుర్తు ఉంటది, దాని కింద సగం రంగు చూడు, ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ అని, అసల్లేదని కాదు. గాలి నీ మొహం మీదకి కాకుండా వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడు, పొద్దున్నే కొట్టెయ్యి. నాజిల్ మూసుకుపోతే మన నాన్నలు తాతలు నోటితో ఊదేవాళ్లు, నువ్వు పాత టూత్ బ్రష్ పెట్టుకో. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పొయ్యకు, ఎవరో తాగుతారు. పారాక్వాట్ అనే గడ్డి మందు ఉంటది, దానికి విరుగుడే లేదు, అది కొట్టమంటే మనుషుల్తో గడ్డి పీకిస్తా సార్ అని చెప్పు. ఎవరికన్నా మందు పడి కళ్లు తిరిగితే డబ్బా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్లాలి, డాక్టర్‌కి ముందు కావాల్సింది ఆ పేరే.

మొక్కల్లో కూడా కొన్ని జాగ్రత్త. యుఫోర్బియా పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, గన్నేరు కొమ్మలు కోసి ఊరికే పడెయ్యకు, వయ్యారిభామ పీకితే కొందరికి చర్మమంతా దద్దుర్లు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో మీ అమ్మని అడుగు.

పాములు ఉంటాయి, అల్లుడూ. పక్క ఖాళీ ప్లాట్‌లో జేసీబీ దిగిందంటే రక్తపింజరో నాగుపామో మీ హెడ్జ్‌లోకే వస్తది. గమ్ బూట్లు వేసుకో, గుబురులో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడు. కరిస్తే బ్లేడ్‌తో కొయ్యడం, తాడు బిగించి కట్టడం, మంత్రం అని తిరగడం ఏవీ వద్దు, ఆ కాలు కదపకుండా పెట్టి 108కి ఫోన్ చెయ్యి, యాంటీవీనమ్ ఉన్న ఆస్పత్రికే పో. పాము కనిపిస్తే చంపబోకు, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, వచ్చి పట్టుకెళ్తారు. చెట్టు మీద పెద్ద తేనెపట్టు ఉంటే ఆ చెట్టు కొట్టే పని ఆ రోజుకి లేదు, అసోసియేషన్ ప్రెసిడెంట్ వచ్చి చెప్పినా లేదు.

ఎండాకాలం మే నెలలో ఆరింటికి మొదలెట్టి పదిన్నరకి నీడలోకి వచ్చెయ్యి, మళ్లీ నాలుగింటికి. దాహం వేసినప్పుడే కాదు, మధ్యమధ్యలో ఉప్పేసిన మజ్జిగ తాగుతూ ఉండు. పక్కవాడు మాట తడబడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది అంటే అది వడదెబ్బ, కూర్చోబెట్టి మాట్లాడకు, నీడలో పడుకోబెట్టి తడిగుడ్డలు కప్పి గాలి విసురుతూ 108కి చెయ్యి.

ఆఖరుగా డబ్బు సంగతి. జీతం ఎంతన్నారు, 14,000 కదా. 21,000 లోపు కాబట్టి పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఈఎస్ఐ, అంటే పనోళ్ల వైద్య బీమా, ఉండాలి, నీ జీతంలోంచి 0.75 శాతం, అంటే 105 రూపాయలు, పనిలో పెట్టుకున్నవాళ్లు 3.25 శాతం కట్టాలి. పనిలో దెబ్బ తగిలి డాక్టర్ రెస్ట్ రాస్తే ఆ రోజులకి జీతంలో 90 శాతం వస్తది, చేరిన మొదటి రోజు నుంచే. మొదటి నెల పే స్లిప్‌లో ఆ కటింగ్ లేకపోతే అడుగు, అడిగితే తీసేస్తారేమో అని భయపడకు. నాకు 2009లో ఆ కార్డు లేదు, మీ అత్త గాజులు పోయాయి ఆపరేషన్‌కి.

షీల్డ్ ఒకటి కొత్తది నా దగ్గర ఉంది, ఆదివారం భోజనానికి రా, ఇస్తా. బూట్ల సైజు ఎనిమిదా తొమ్మిదా, రాత్రికి మెసేజ్ పెట్టు, రేపు బేగంబజార్ వైపు పనుంది, తీసుకొస్తా.