లింకింగ్ వర్డ్స్ అన్నీ వచ్చు, పేరాల మధ్య లింకే దొరకట్లేదు

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దగ్గర. విదేశాల చదువు కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌కి ప్రిపేర్ అయితున్న. రీడింగ్‌ల పేరాలకు హెడింగ్స్ కలిపే ప్రశ్నల్లనే మార్కులు పోతున్నయి. హవెవర్, మోరోవర్, దేర్‌ఫోర్ లాంటివన్నీ లిస్టు రాసుకుని బట్టీ పట్టిన, అయినా ఒక పేరాకి ఇంకో పేరాకి సంబంధం ఏందో తెలుస్తలేదు. ఏం చెయ్యాలె?

జవాబు: ఆ లిస్టు ఇగ పక్కన పెట్టు చెల్లె. అర్థాలు వచ్చినయి కదా, దాంతోటి దాని పని అయిపోయింది. హవెవర్ కనపడంగనే 'కానీ' అనుకుని ముందుకు పోతే ఏం దొరకదు, ఇంతకుముందు ఏమన్నడు, ఇప్పుడు దాన్ని ఎటు తిప్పుతున్నడు అని ఒక్క సెకను ఆగి చూసుకోవాలె.

మన జిల్లా సంగతే ప్యాసేజీగా వచ్చిందనుకో. మొదటి పేరాల నల్లగొండ ఊర్లల్ల బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ, పండ్లు గారపడుతున్నయి, ఎముకలు వంకర పోతున్నయి అని ఉంటది. రెండోది 'టు డీల్ విత్ దిస్' అని మొదలై, నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి తయారు చేసిన్రు, దాన్నే నల్లగొండ టెక్నిక్ అంటరు అని చెప్తది. మూడోది 'దిస్ మెథడ్, హవెవర్' అని మొదలైతది. పటిక ఎంత వెయ్యాలె అన్నది నీళ్లను బట్టి మారుతది, అడుగున మడ్డి మిగులుతది, దాన్ని ఎక్కడ పారబొయ్యాలె, రోజూ చూసుకునే మనిషి కావాలె. నాలుగోది 'ఇన్‌స్టెడ్' అని మొదలు, బోరునీళ్లు శుద్ధి చేసుడు కాదు, నది నీళ్లే పైపులల్ల ఇంటికి తెచ్చుడు, 2016ల మొదలైన మిషన్ భగీరథ ముచ్చట.

ఇప్పుడు మూడో పేరాకి హెడింగ్ ఏంది? 'నల్లగొండ టెక్నిక్ ఎట్ల పనిచేస్తది' అని ఒకటి ఉంటది, 'ఆ పద్ధతితోటి వచ్చే ఇబ్బందులు' అని ఇంకోటి ఉంటది. పేరా నిండ పటిక, నీళ్లు అని ఉంది కాబట్టి చానమంది మొదటిది పెట్టేస్తరు, తప్పు. దిస్ మెథడ్ అంటే ఏంది అనేది రెండో పేరాలనే చెప్పేసిండు, హవెవర్ అనంగనే ఇగ లోపాలు మొదలైనట్టు. పైగా నాలుగో పేరా ఇన్‌స్టెడ్ అని మొదలైందంటే దానికి ముందు ఏదో కుదరలేదనే కదా, అంటే కింది పేరా కూడా పై పేరా గురించి సాక్ష్యం చెప్తది. ఇది ఎవ్వరూ సరిగ చెప్పరు, అందరూ వెనక్కి చూడమనే చెప్తరు.

ఇంకోటి, లింకింగ్ వర్డ్ లేని పేరాలు బాగనే ఉంటయి. అక్కడ దిస్, దీస్, సచ్ లాంటి చిన్న మాటలే పట్టుకోవాలె. సచ్ ప్రాబ్లమ్స్ అన్నడంటే ఆ ప్రాబ్లమ్స్ పైన ఎక్కడో ఉండి తీరాలె, వేలు పెట్టి చూపించగలిగితే నీకు లింకు దొరికినట్టే. ఫర్ ఎగ్జాంపుల్ తర్వాత వచ్చేదాంట్ల హెడింగ్ వెతకకు, అది దానికి ముందు వాక్యంలనే ఉంటది చానసార్లు. వాక్యం ఆల్దోతోటి మొదలైతే కామా తర్వాత ముక్క మీద కన్ను పెట్టు, రచయిత చెప్పాలనుకున్నది అటే ఉంటది. మోరోవర్, ఇన్ అడిషన్, ఆల్సో మూడింటికి తేడా చూసుకుంట కూసోకు, అన్నీ 'ఇంకా ఉంది' అనే.

టైం సంగతి కూడా యాదుంచుకో, 3 ప్యాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, పేపర్ టెస్టుల జవాబులు షీట్‌ల రాసుడు కూడా అండ్లనే. కాబట్టి ప్రతి హవెవర్‌కి సున్నా చుట్టుకుంట పోకు, పై పేరా చివరి వాక్యం, కింది పేరా మొదటి వాక్యం మాత్రం కలిపి చదువు, ఆ రెండింటికి మధ్య ఎదురుందా, కారణం ఉందా, ఉదాహరణ ఉందా అని మార్జిన్‌ల తెలుగులనే ఒక మాట రాసుకో.

ప్రాక్టీస్ టెస్టుల హెడింగ్ తప్పు పోతే కీ చూసి టిక్కు పెట్టి వదిలెయ్యకు, పేరాల ఏ మాట నిన్ను ఆ తప్పు హెడింగ్ దిక్కు గుంజిందో దాని కింద గీత గియ్యి. ఒక పది ప్యాసేజీలు అట్ల చేసినంక ఆ గీతలన్నీ ఒక్కసారి ముందట పెట్టుకుని చూడు, నువ్వు ఏ రకం మాటల దగ్గర పడిపోతున్నవో నీకే తెలుస్తది, అది రాసి పంపు, మళ్ల మాట్లాడుకుందం.