స్మియర్‌లో కనిపించకపోతే టిక్ ఫీవర్ లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా ఐదేళ్ల ల్యాబ్రడార్ నాలుగు రోజులుగా జ్వరంతో తిండి మానేసింది. ఒంటి మీద పిడుదులు కనిపిస్తే ఏరేశాం. ప్లేట్‌లెట్లు అరవై వేలే ఉన్నాయి. స్మియర్ (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష), కిట్ పరీక్ష రెండూ నెగెటివ్ వచ్చాయి. అయినా మా డాక్టరు గారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రోగం తేలకుండా మందు వాడవచ్చా? ఇంకే పరీక్ష చేయించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వాడవచ్చు. పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం వచ్చి, రెండు లక్షలకు తగ్గకుండా ఉండవలసిన ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడిపోయాయంటే, మన ప్రాంతంలో ముందుగా అనుమానించవలసింది టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీషియా కేనిస్ అనే బాక్టీరియానే. అయితే ప్లేట్‌లెట్లు ముద్దకట్టినప్పుడు యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది కనుక, స్మియర్ అంచున ముద్దలు ఉన్నాయేమో చూడమని ల్యాబు వారిని అడగండి.

ఈ బాక్టీరియా మోనోసైట్లనే తెల్ల రక్తకణాల లోపల గుత్తిగా పెరుగుతుంది. ఆ గుత్తులు తొలి దశలో కొద్ది రోజులపాటే, అదీ ఏ కొన్ని కణాల్లోనో ఉంటాయి కనుక, కనిపిస్తే రోగం ఖాయమే గానీ కనిపించనంత మాత్రాన లేదనలేం. చెవి అంచు నుంచి తీసిన రక్తపు చుక్కతోనో, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక ఎర్రకణాల మీద తేరే పలుచని తెల్లటి పొరతోనో స్మియర్ చేస్తే దొరికే అవకాశం కొంత పెరుగుతుంది. అంత శ్రమ తీసుకునే ల్యాబులు తక్కువ.

కిట్ వెతికేది బాక్టీరియా మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. వ్యాధి సోకిన 8 నుంచి 20 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. కిట్‌కు అందేటన్ని యాంటీబాడీలు అప్పటికి ఉండకపోవచ్చు. రెండు మూడు వారాలు ఆగి చేస్తే అదే కిట్ పాజిటివ్ చూపవచ్చు. పైగా ఈ యాంటీబాడీలు రోగం నయమయ్యాక కూడా నెలల తరబడి రక్తంలో నిలుస్తాయి కనుక, కోర్సు తర్వాత కిట్ పాజిటివ్ వచ్చిందని మళ్లీ మందు మొదలుపెట్టడం అనవసరం. గుణం కనబడిందో లేదో చెప్పేది ప్లేట్‌లెట్ల లెక్కే.

బాక్టీరియా జన్యుపదార్థాన్నే పట్టుకునే పీసీఆర్ ఈ దశకు తగిన పరీక్ష. కానీ డాక్సీసైక్లిన్ కొన్ని మోతాదులు పడ్డాక రక్తంలో బాక్టీరియా బాగా తగ్గిపోతుంది కాబట్టి, ఇప్పుడు తీసిన రక్తంలో నెగెటివ్ వస్తే దానికి విలువ తక్కువ. మందు మొదలుకాక ముందు ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఉంచే ట్యూబు) తీసిన రక్తం ల్యాబు ఫ్రిజ్‌లో ఇంకా ఉంటే దానినే పంపించమనండి.

తొలి దశలో ఉన్న కుక్క సాధారణంగా రెండు మూడు రోజుల్లో లేచి తిండి ముడుతుంది. అయినా 28 రోజుల కోర్సు ఆపకూడదు. మూడు రోజులైనా జ్వరం దిగకపోతే బబీసియా కోసం మళ్లీ రక్తం చూడాలి. పిడుదులతోనే వచ్చే ఆ పరాన్నజీవికి డాక్సీసైక్లిన్ ఒక్కటే చాలదు, వేరే మందు కావాలి. ఈలోగా బొప్పాయి ఆకు రసంతో రోజులు నెట్టవద్దు. ముక్కు నుంచి రక్తం కారినా, చిగుళ్లు పాలిపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.