టెక్ సందేహాలు: మున్ మీద దిగిన నౌక తిరిగి రావాలంటే

ఈ వారం శీర్షికను ఒకే ఆటకు కేటాయిస్తున్నాను. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ గురించి హన్మకొండ, కరీంనగర్, గోదావరిఖని వైపు నుంచి కొన్ని నెలలుగా ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్కొక్కటిగా జవాబు రాస్తే ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకు రావాల్సి వస్తుందని ఆరింటిని ఒకచోట చేర్చాను. మెక్సికో నగరంలోని స్క్వాడ్ సంస్థ 2011లో ఈ ఆట తొలి రూపాన్ని, 2015 ఏప్రిల్ 27న పూర్తి రూపాన్ని విడుదల చేసింది. ట్యాంకులు, ఇంజిన్లు, రెక్కలు మనమే ఏరుకొని, రాకెట్‌ను కూర్చి, కెర్బిన్ అనే కల్పిత గ్రహం నుంచి ప్రయోగించాలి. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లే అయినా దాని నేల మీద గురుత్వం మన భూమి మీద ఉన్నంత ఉంటుంది. వాతావరణం 70 కిలోమీటర్ల ఎత్తున ముగుస్తుంది. మున్ అంటే కెర్బిన్ చుట్టూ తిరిగే చందమామ. అక్కడ పనిచేసే సూత్రాలు ఇంటర్ భౌతికశాస్త్రంలో చదువుకున్నవే.

ప్రశ్న: రాకెట్ లేచిన అర నిమిషానికి తలకిందులవుతోంది. అడుగున ఇంకో ఇంజిన్ పెడితే నిలబడుతుందా?
– కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

నిలబడదు, ఇంకా త్వరగా తిరగబడుతుంది. బాణానికి ముందు ఇనుప ములికి, వెనక ఈకలు ఎందుకుంటాయో ఒకసారి ఆలోచించండి. బరువు ముందు, గాలి పట్టు వెనక ఉన్నంత కాలం బాణం వంకర పోదు. మీరు పంపిన చిత్రంలో రాకెట్ కొన మీద వెడల్పాటి సౌర ఫలకాలు, యాంటెన్నాలు కప్పు లేకుండా ఉన్నాయి, అడుగున ఒక్క రెక్క కూడా లేదు. ఇది బాణాన్ని తిప్పి పట్టుకున్నట్టు ఉంది. కొనకు ఫేరింగ్ అనే నున్నటి కప్పు తొడగండి, అడుగున నాలుగు రెక్కలు పెట్టండి. నిర్మాణశాలలో కనిపించే నీలి గోళం రెక్కల మీది గాలి బలాన్నే చూపుతుందని, వెడల్పాటి సరుకు మీద గాలి ఒత్తిడిని అది లెక్కలోకి తీసుకోదని గుర్తుంచుకోండి.

ప్రయోగ సమయంలో ఇంజిన్ తోపు రాకెట్ బరువుకు ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే చాలు. నేల మట్టం వద్ద 168 కిలోన్యూటన్ల తోపునిచ్చే స్వివెల్ ఇంజిన్ 12 టన్నుల రాకెట్‌ను హాయిగా లేపుతుంది. వేగం సెకనుకు 100 మీటర్లకు చేరేసరికి తూర్పు వైపు కొద్దిగా వంచి, 10, 12 కిలోమీటర్ల ఎత్తుకు 45 డిగ్రీలకు వచ్చేలా చూసుకోండి. ఈ వంపులో ముక్కును వేగదిశ గుర్తుకు దగ్గరగానే ఉంచాలి.

ప్రశ్న: నా నౌక మున్ మీద దిగుతోంది కానీ తిరిగి రావడానికి ఇంధనం చాలడం లేదు. రెండో ట్యాంకు, మూడో ట్యాంకు తగిలించాను. ఇప్పుడు రాకెట్ కక్ష్యలోకే చేరడం లేదు. పెద్ద ఇంజిన్ పెట్టాలా?
– హన్మకొండ నుంచి ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని

ఈ ఆట ఆడేవారంతా ఏదో ఒక రోజు వచ్చి ఆగే చోటు ఇదే. మీరు ఇక్కడిదాకా సొంతంగా వచ్చినందుకు ముందు అభినందనలు. ఇంజిన్ మార్చకండి. కాగితం, పెన్ను తీసుకోండి.

నౌక తన వేగంలో మొత్తం మీద తెచ్చుకోగల మార్పును డెల్టా-వి అంటారు. దాన్ని లెక్కించే సూత్రాన్ని రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించారు. ఇంజిన్ స్పెసిఫిక్ ఇంపల్స్‌ను (ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే అంకెను) 9.81తో హెచ్చవేసి, నిండు నౌక ద్రవ్యరాశిని ఖాళీ నౌక ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే సంఖ్య సహజ సంవర్గమానంతో మళ్లీ హెచ్చవేయాలి. మీరు వాడిన టెరియర్ ఇంజిన్‌కు శూన్యంలో స్పెసిఫిక్ ఇంపల్స్ 345 సెకన్లు. ఒక్కరు కూర్చునే క్యాబిన్, ఇంజిన్, పారాచూట్, కాళ్లు అన్నీ కలిపి 2 టన్నులనుకుందాం. ఎఫ్ఎల్-టీ400 ట్యాంకు నిండుగా 2.25 టన్నులు, ఖాళీగా 0.25 టన్నులు తూగుతుంది. ఒక్క ట్యాంకుతో నిండు నౌక 4.25 టన్నులు, ఖాళీ నౌక 2.25 టన్నులు, డెల్టా-వి సెకనుకు 2152 మీటర్లు. రెండో ట్యాంకు పెడితే అది 3234 అవుతుంది, అంటే పెరిగింది 1082. మూడోది పెడితే 3917, ఈసారి పెరిగింది 683 మాత్రమే. ప్రతి కొత్త ట్యాంకు ముందరి ట్యాంకులోని ఇంధనాన్ని కూడా మోయాల్సి రావడం వల్ల ఒక్కోదాని లాభం ఇలా కరిగిపోతుంది. ఆ రెండు అదనపు ట్యాంకుల నాలుగున్నర టన్నులను కెర్బిన్ నేల మీద నుంచి లేపవలసిన బాధ్యత రాకెట్ అడుగు దశ (ముందుగా కాలి ఊడిపోయే భాగం) మీద పడింది. మీ రాకెట్ కక్ష్యకు చేరకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఎదురు లెక్క చూడండి. ఒక్క ట్యాంకునే ఉంచి, మిగతా సామగ్రిలో అర టన్ను తీసేస్తే డెల్టా-వి 2152 నుంచి 2579కి పెరుగుతుంది. ఒక్క గ్రాము ఇంధనం కలపకుండానే సెకనుకు 427 మీటర్లు దక్కాయి. ఒక టన్ను ఎక్కించుకుంటే 1623కి పడిపోతుంది. మీ చిత్రంలో ముగ్గురు కూర్చునే క్యాబిన్ ఉంది. అదొక్కటే రెండున్నర టన్నులు దాటుతుంది, ఒక్కరు కూర్చునేది టన్ను కూడా ఉండదు. మొదటి యాత్రకు ఒక్కరే వెళ్లనివ్వండి.

మరి మున్‌కు వెళ్లి రావడానికి ఎంత కావాలి? కెర్బిన్ నేల నుంచి తక్కువ ఎత్తు కక్ష్యకు సెకనుకు సుమారు 3400 మీటర్లు, అక్కడి నుంచి మున్ వైపు మళ్లడానికి 860, మున్ కక్ష్యలో నిలవడానికి 310, దిగడానికి 580, మళ్లీ లేవడానికి 580, మున్‌ను విడిచి రావడానికి 310. మొత్తం 6040. తిరుగు దారిలో కక్ష్య అతి తక్కువ ఎత్తు 30, 35 కిలోమీటర్ల మధ్య ఉండేలా చూసుకుంటే మిగతా వేగాన్ని కెర్బిన్ వాతావరణమే తగ్గిస్తుంది. ఈ అంకెల్లో మున్ వైపు మళ్లించే 860ని కింది దశకు అప్పగిస్తే, దిగే నౌక సొంతంగా భరించవలసింది 1780 మాత్రమే. ఒక్క ట్యాంకు ఇచ్చే 2152లో ఇంకా 370 మిగులుతుంది.

చంద్రయాన్-3 కూడా పనిని ఇలాగే పంచుకుంది. 2023 జులై 14న బయలుదేరిన 3900 కిలోల నౌకలో ల్యాండర్, రోవర్ కలిపి 1752 కిలోలే. చంద్రుడి చుట్టూ సుమారు 150 కిలోమీటర్ల కక్ష్య వరకు మోసుకెళ్లిన 2148 కిలోల ప్రొపల్షన్ మాడ్యూల్ అక్కడే పైన ఉండిపోయింది. ఆగస్టు 23 సాయంత్రం నేల తాకినప్పుడు దాని బరువు ల్యాండర్ మీద లేదు. నౌకను దశలుగా విడగొట్టి, పని అయిన దశను వదిలేయడం మీరు ముందుగా నేర్చుకోవలసిన విద్య.

పెద్ద ఇంజిన్ సంగతి కూడా తేల్చేద్దాం. టెరియర్ తోపు శూన్యంలో 60 కిలోన్యూటన్లు. 4.25 టన్నుల నౌకకు అది మున్ గురుత్వానికి ఎనిమిది రెట్లకు పైగా త్వరణాన్ని ఇస్తుంది. ఇంజిన్ పెంచితే బరువు పెరగడం తప్ప దక్కేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. చాలామంది దిగేటప్పుడు పది కిలోమీటర్ల పైనే వేగాన్ని సున్నాకు తెచ్చి, అక్కడి నుంచి ఇంజిన్ వెలిగించుకుంటూ మెల్లగా తేలుతూ వస్తారు. అలా పైన నిలిచిన ప్రతి సెకనూ ఇంధనం కాలిపోతుంది. వేగాన్ని వీలైనంత కిందికి వచ్చాకే తగ్గించండి. ముందు ఎఫ్5 నొక్కి దాచుకొని నాలుగైదుసార్లు సాధన చేస్తే చేయి కుదురుతుంది.

ప్రశ్న: 450 ముక్కలతో కట్టిన అంతరిక్ష కేంద్రం దగ్గరికి వెళ్లగానే ఆట నత్తనడక నడుస్తోంది. తెర మీది గడియారం పసుపు రంగులో ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?
– గోదావరిఖని నుంచి ఒక డిప్లొమా విద్యార్థి

ముక్కల సంఖ్య రాసినందుకు సంతోషం, సగం జవాబు అందులోనే ఉంది. తెర ఎడమ పైమూలన ఉండే గడియారం రంగు చూడండి. ఆకుపచ్చగా ఉంటే ఆట అసలు కాలంతో సమానంగా నడుస్తోంది. పసుపుకో ఎరుపుకో మారితే, ముక్కల మధ్య బలాలను లెక్కించడంలో ప్రాసెసర్ వెనకబడుతోందని అర్థం. ఒక నౌకలోని ముక్కలన్నీ కీళ్లతో అతికి ఉంటాయి కాబట్టి ఆ లెక్క ఎక్కువగా ప్రాసెసర్‌లోని ఒకే కోర్ (లెక్కలు చేసే భాగం) మీద పడుతుంది. మీ గడియారం పసుపు రంగులో ఉందని రాశారు, కనుక గ్రాఫిక్స్ కార్డు మీకు ఉపయోగపడదు.

కేంద్రాన్నే సన్నబరచండి. ఎనిమిది చిన్న ట్యాంకుల చోట ఒక పెద్దది పెట్టండి, కట్టుకమ్మీలు తీసేసి ఆటోస్ట్రట్ (కమ్మీ లేకుండానే ముక్కలను బిగించే సదుపాయం) వాడండి, సరుకు తెచ్చి ఖాళీ అయిన నౌకలను విడదీసి కిందికి దించండి. దగ్గర్లో ఉన్న ప్రతి నౌక ఈ లెక్కలోకే వస్తుంది. ఇక మే నెలలో మీ ప్రాంతపు ఎండ సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకుండా గట్టి బల్ల మీద, చార్జర్ తగిలించి వాడండి, ఫ్యాన్ దుమ్ము దులిపించండి. ఇవన్నీ చేశాకే కొనుగోలు మాట ఆలోచించండి. అప్పుడైనా కోర్‌ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగాన్ని చూడండి.

ప్రశ్న: ఆట మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ తెరిస్తే మూడు వారాల ఆట కనిపించడం లేదు.
– మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు

ఆట ఫోల్డర్‌లో సేవ్స్ అనే ఫోల్డర్, దానిలో మీ ఆట పేరుతో ఇంకొకటి, అందులో బ్యాకప్ అనే ఫోల్డర్ ఉంటాయి. పర్సిస్టెంట్ అనే ఫైలు పాత ప్రతులు తేదీ, సమయంతో అక్కడ దొరుకుతాయి. చివరిదాన్ని పైఫోల్డర్‌లోకి కాపీ చేసి, పేరులోని తేదీ తీసేసి, పర్సిస్టెంట్.ఎస్ఎఫ్ఎస్ అని మార్చండి. దెబ్బతిన్న పాత ఫైలును చెరిపేయకుండా పక్కన పెట్టుకోండి. ఇకపై వారానికోసారి సేవ్స్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. ఈ ఆట రెండో భాగం వచ్చిందట, అదే కొనమంటున్నాడు. ఏది కొనాలి?
– జగిత్యాల నుంచి ఒక తల్లి

మొదటి భాగమే కొనండమ్మా. రెండో భాగం 2023 ఫిబ్రవరిలో అసంపూర్ణ రూపంలోనే అమ్మకానికి వచ్చింది. 2024 తర్వాత దాని పని ముందుకు సాగలేదు. మొదటి భాగం 2021లో వచ్చిన 1.12 రూపంతో నిండుగా ఉంది, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మోడ్‌లు అనే అదనపు హంగులు మొదటి నెల వద్దని బాబుకు చెప్పండి. తప్పు ఆటలో ఉందో హంగులో ఉందో తెలియక పిల్లలు అలసిపోతారు.

ప్రశ్న: నా అంతరిక్ష కేంద్రం 100 కిలోమీటర్ల కక్ష్యలో, నా నౌక 80 కిలోమీటర్ల కక్ష్యలో ఉన్నాయి. కేంద్రం ముందర కనిపిస్తోంది. దాని వైపు ముక్కు తిప్పి ఇంజిన్ వెలిగిస్తే దగ్గర కావలసింది పోయి ఇంకా దూరమవుతోంది. కారణం ఏమిటి?
– కాజీపేట నుంచి ఒక రైల్వే ఉద్యోగి

ఈ తికమక మనుషులు అంతరిక్షంలోనే పడ్డారు. 1965 జూన్ 3న అమెరికా నౌక జెమిని-4లో వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ తమ రాకెట్ ఖాళీ దశకు దగ్గరగా ఉండాలని దాని వైపే తోపు ఇచ్చారు. అది ఆయనకు అందకుండా పోయింది, ఇంధనం తరిగి ప్రయత్నం మానుకోవలసి వచ్చింది. ముందున్న దాన్ని అందుకోవాలని వేగం పెంచితే కక్ష్య అవతలి వైపు పైకి లేస్తుంది. కక్ష్య పెద్దదైతే చుట్టు పూర్తి చేయడానికి ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి వేగం పెంచినవారే వెనకబడతారు.

మీరు రైల్వేలో పనిచేస్తున్నారు కనుక దీన్ని టైంటేబుల్‌లా చూడండి. 100 కిలోమీటర్ల ఎత్తున కేంద్రానికి ఒక చుట్టు 32 నిమిషాల 38 సెకన్లు, 80 కిలోమీటర్ల ఎత్తున మీ నౌకకు 31 నిమిషాల 15 సెకన్లు. ఏమీ చేయకుండా కూర్చున్నా ప్రతి చుట్టుకు 83 సెకన్లు, అంటే సుమారు 187 కిలోమీటర్ల దూరం తగ్గుతుంది. వెనక ఉన్నవారు కింది కక్ష్యలో ఓపికగా ఎదురుచూడాలి.

ముందుగా కేంద్రాన్ని టార్గెట్‌గా ఎంచుకొని, రెండు కక్ష్యలు ఖండించుకునే చోట వంపు తేడా సరిచేయండి. తర్వాత మ్యాప్‌లో ఒక మాన్యువర్ (ఎప్పుడు, ఎటు, ఎంత తోపు ఇవ్వాలో ముందే వేసుకునే గుర్తు) పెట్టి, మీ కక్ష్య పైకొన కేంద్రం కక్ష్యను తాకేలా లాగి, రెండు నౌకలూ రెండు కిలోమీటర్ల లోపు దగ్గరయ్యే వరకు దాని సమయాన్ని ముందుకు జరపండి. ఆ చోటికి చేరాక వేగం చూపే గడిలో టార్గెట్ అని మార్చి, ఎదురు దిశలో ఇంజిన్ వెలిగించి, కేంద్రంతో మీ సాపేక్ష వేగాన్ని సున్నాకు తేవాలి. మీరు ఇంతవరకు వదిలేసిన మెట్టు ఇదే. వేగం సున్నా అయ్యాకే కేంద్రం వైపు ముక్కు తిప్పండి. ఇంత దగ్గరలో, కొద్ది నిమిషాల పాటు, కక్ష్యల తేడా దాదాపు కనిపించదు కాబట్టి నేల మీద నడిపినట్టే సూటిగా వెళ్లవచ్చు.

తొందర మాత్రం వద్దు. 2024 డిసెంబరు 30న బయలుదేరిన మన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను ఇస్రో ఒకసారి 15 మీటర్లకు, ఆపై 3 మీటర్లకు దగ్గర చేసి కూడా, సమాచారాన్ని పరిశీలించడానికి మళ్లీ వెనక్కి జరిపింది. 2025 జనవరి 16న అవి కలిసినప్పుడు ఈ పని చేసిన నాలుగో దేశంగా భారత్ నిలిచింది. మీరూ 100 మీటర్ల దగ్గర ఒకసారి పూర్తిగా ఆగండి. డాకింగ్ పోర్ట్ (రెండు నౌకలు అతుక్కునే ముఖం) మీద కుడి క్లిక్ చేసి నియంత్రణను అక్కడికి మార్చుకోండి, పెద్ద ఇంజిన్ ఆపేసి చిన్న థ్రస్టర్లతోనే కదలండి. చివరి పది మీటర్లలో వేగం సెకనుకు 0.3 మీటర్లు మించకుండా చూసుకుంటే, పోర్టుల అయస్కాంతాలు నౌకను తామే లాక్కుంటాయి.